శిశు తరగతిలో భిన్న సంస్కృతులు, కుటుంబాలతో భాగస్వామ్యం: కొన్ని అపోహలు – వాస్తవాలు

పూర్వ ప్రాథమిక తరగతుల్లో పనిచేసే మాలాంటివాళ్లకు తెలియకుండానే అబ్బే అలవాటు ఒకటుంది. చిన్నప్పుడు మమ్మల్ని ఎలా నిద్రపుచ్చారో, ఎంత వయసుదాకా చేత్తో తినిపించారో, పెద్దలు మాట్లాడుతుంటే ఎలా మెలగమన్నారో, అదే పిల్లల పెంపకమని నమ్మేసి, దానికి భిన్నంగా పెరిగిన బిడ్డ తరగతిలోకి రాగానే ఆ బిడ్డలో లోపం వెతకడం మొదలుపెడతాం. వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్లలో నేనూ అదే చేశాను. మందలించినప్పుడల్లా తల వంచుకొని నేలచూపులు చూసే ఒక పాపను మొండిదని నా పరిశీలన పుస్తకంలో రాసుకున్నాను. పెద్దల కళ్లలోకి సూటిగా చూడడం అమర్యాద అని ఆ పాపకు ఇంట్లో నేర్పారన్న సంగతి, ఒక సాయంత్రం వాళ్ల నానమ్మతో మాట్లాడేదాకా నాకు తట్టలేదు. గౌరవాన్ని నేను ధిక్కారంగా చదివాను. అలాంటి తప్పుడు చదువులకు మూలంగా ఉండే కొన్ని నమ్మకాలను, తోటి టీచర్ల నోట తరచూ వినేవాటిని, ఒక్కొక్కటిగా పరిశీలించాలని ఈ ప్రయత్నం.

అపోహ: "నాకు పిల్లలందరూ ఒకటే. వాళ్ల మధ్య తేడాలు నేను చూడను."

వాస్తవం: ఈ మాట అనేవారి మనసు మంచిదే. అయితే తేడాలు చూడనన్న టీచరు ఆచరణలో చేసేది అందరినీ ఒకే కొలతతో కొలవడం, ఆ కొలత దాదాపు ఎప్పుడూ ఆమె సొంత ఇంటిదో, చుట్టూ ఉన్న ఎక్కువమంది ఇళ్లదో అయి ఉంటుంది. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 29వ అధికరణం, బిడ్డకు తన తల్లిదండ్రుల పట్ల, తన సాంస్కృతిక అస్తిత్వం, భాష, విలువల పట్ల గౌరవం పెంపొందించడం విద్య లక్ష్యాల్లో ఒకటని చెబుతుంది. అల్పసంఖ్యాక వర్గాల, ఆదివాసుల పిల్లలు తమ సంస్కృతిలో జీవించే హక్కును, తమ భాషను వాడుకునే హక్కును 30వ అధికరణం గుర్తిస్తుంది. చూడనే చూడనన్న తేడాను ఎవరైనా గౌరవించేది ఎలా?

అపోహ: "ఇంత పసివాళ్లకు రంగు, రూపం, యాస తేడాలు తెలియవు. మనం మాట్లాడితేనే లేనిపోనివి నేర్పినట్టవుతుంది."

వాస్తవం: అప్పుడే పుట్టిన శిశువులు అన్ని జాతుల ముఖాలనూ ఒకే తీరుగా చూస్తారని, మూడు నెలల వయసుకు వచ్చేసరికి తమ చుట్టూ ఎక్కువగా కనిపించే జాతి ముఖాల వైపు ఎక్కువసేపు చూస్తారని 2005లో ప్రచురితమైన పరిశోధన ఒకటి చూపింది. రెండు రకాల ముఖాల మధ్య పెరుగుతున్న శిశువుల్లో ఆ మొగ్గు కనిపించలేదని ఆ మరుసటి ఏడాదే వచ్చిన మరో పరిశోధన తేల్చింది. అంటే అది పుట్టుకతో వచ్చిన ద్వేషమేమీ కాదు, అలవాటైన ముఖాల పట్ల మొగ్గు మాత్రమే. ద్వేషమో, న్యూనతో తరవాత చేరేది సమాజం నుంచి. అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు మూడు నుంచి ఏడేళ్ల వయసున్న నల్లజాతి పిల్లల ముందు నల్ల బొమ్మలను, తెల్ల బొమ్మలను ఉంచి, ఏది మంచి బొమ్మ అని అడిగితే ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. బడుల్లో జాతి వివక్ష చెల్లదన్న 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో వారి పరిశోధన ప్రస్తావన ఉంది.

కాబట్టి ఒక బిడ్డ అందరి ముందూ "ఆ అబ్బాయి అంత నల్లగా ఎందుకున్నాడు?" అని గట్టిగా అడిగినప్పుడు "ష్, అలా అనకూడదు" అని నోరు మూయించడం కన్నా పెద్ద పొరపాటు లేదు. అడిగినది తప్పన్న సంగతి కంటే ముందు, నల్లగా ఉండడమే తప్పన్న సంగతి ఆ ఇద్దరు పిల్లలకూ చేరుతుంది. చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ ఉంటుందని, అది అమ్మానాన్నల నుంచి వస్తుందని మామూలు గొంతుతో చెబితే నాలుగేళ్ల పిల్లలు హాయిగా విని ఆటలో పడిపోతారు.

అపోహ: "ఏడాదికోసారి సాంస్కృతిక దినోత్సవం జరుపుతున్నాం కదా, వైవిధ్యానికి అది చాలు."

వాస్తవం: ఒక రోజు వేషాలు వేయించి, ఫొటోలు తీసి, మర్నాటి నుంచి పాత పద్ధతికి వెళ్లిపోయే ధోరణిని ఈ రంగంలో 'పర్యాటకుల పాఠ్యక్రమం' అని విమర్శిస్తారు. పక్షపాతానికి ఎదురు నిలిచే విద్య గురించి 1980ల నుంచీ రాస్తున్న లూయీజ్ డెర్మన్ స్పార్క్స్ ఈ విమర్శను బలంగా ముందుకు తెచ్చారు. ఆ ఒక్క రోజు ప్రదర్శన వస్తువుగా నిలబడిన బిడ్డ, మిగతా రోజుల్లో తరగతిలోని పుస్తకాల్లో, బొమ్మల్లో, పాటల్లో, గోడ మీది చిత్రాల్లో తన ఇంటిలాంటి ఇల్లు, తన అమ్మలాంటి అమ్మ ఎక్కడా లేరని గమనిస్తూనే ఉంటుంది. ఉత్సవాలు వద్దని నేననడం లేదు. ఉత్సవం ఎలా జరగాలో ఆ కుటుంబాన్ని అడగకుండా మనమే నిర్ణయించడం మాత్రం వద్దంటాను.

అపోహ: "ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పాలి. రెండు భాషలైతే పిల్లలు తికమకపడి వెనకబడతారు."

వాస్తవం: నాకు తెలిసినంతలో ఈ రంగంలో అత్యధిక నష్టం చేసిన సలహా ఇదే, అదీ ఎంతో ఆత్మవిశ్వాసంతో ఇచ్చే సలహా. ఒకటికి మించిన భాషలు వినడం వల్ల పిల్లల్లో భాషాలోపం రాదు. రెండు భాషల బిడ్డకు బడి భాషలో తెలిసిన మాటలను మాత్రమే లెక్కిస్తే తక్కువగా కనిపించవచ్చు గానీ, రెండింటిలోని మాటలనూ కలిపి లెక్కిస్తే ఒకే భాష మాట్లాడే పిల్లలతో సరితూగుతాయని 1990ల నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం కూడా తికమకకు గుర్తు కాదు. ఒక భాషలో దొరకని మాటను మరో భాష నుంచి తెచ్చుకోవడం, ఎదుటివారికి ఏది అర్థమవుతుందో చూసుకొని మాట మార్చడం పెద్దలు కూడా చేసే పనే.

ఇంటి భాషలో గట్టిపడిన ఆలోచన, కథ చెప్పే నేర్పు, లెక్క, కార్యకారణ జ్ఞానం రెండో భాషకు పునాది అవుతాయన్న సిద్ధాంతాన్ని కెనడాకు చెందిన జిమ్ కమ్మిన్స్ 1979లో ప్రతిపాదించారు. మన సలహా విని, తనకు అరకొరగా వచ్చిన భాషలో బిడ్డతో మాట్లాడడం మొదలుపెట్టిన తల్లి ఏం కోల్పోతుందో ఆలోచించండి. ఆమె కథలు ఆగిపోతాయి, జోలపాటలు ఆగిపోతాయి, ఓదార్పు రెండు ముక్కలకు కుదించుకుపోతుంది, "అది తీసుకురా, ఇది తిను" అన్న ఆజ్ఞలు మాత్రం మిగులుతాయి. బిడ్డకు అందే భాష అన్ని విధాలా చిక్కిపోతుంది. కొన్నేళ్లకు తాతా మనవడూ మాట్లాడుకోవడానికి భాషే లేని ఇళ్లను నేను చూశాను, అందులో ఒక ఇంటికి మొదట సలహా ఇచ్చింది మా తరగతే.

కొత్త భాష ఉన్న తరగతిలో చేరిన బిడ్డ కొన్ని వారాలపాటు, ఒక్కోసారి కొన్ని నెలలపాటు నోరు విప్పకపోవడం కూడా సాధారణమే. ఆ మౌనంలో వినడం, పోల్చుకోవడం, సైగలతో పని నడుపుకోవడం సాగుతూనే ఉంటాయి. అలాగని ప్రతి మౌనాన్నీ ఇలాగే కొట్టిపారేయకూడదు. నిజమైన భాషాలోపం ఉన్న బిడ్డలో ఆ లోపం అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది కనుక, "ఇంట్లో మీ భాషలో ఎలా మాట్లాడతాడు?" అన్నది మనం వేయవలసిన మొదటి ప్రశ్న. ఆ సమాధానం కుటుంబం దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. ఇంట్లోనూ మాటలు ఆలస్యమైతే వినికిడి పరీక్షకు, నిపుణుల దగ్గరికి వెంటనే పంపాలి.

అపోహ: "పక్కన నిలబడి ఊరికే చూసే పిల్లలు చురుకైనవాళ్లు కారు."

వాస్తవం: ప్రశ్నలు అడిగేవారే నేర్చుకుంటున్నారన్నది బడులు పెంచిన అభిప్రాయం. మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలో 'మాయా' అనే ఆదివాసీ సమాజంలో దశాబ్దాలపాటు పరిశోధించిన బార్బరా రోగోఫ్, అక్కడి పిల్లలు పెద్దల పనుల మధ్యే తిరుగుతూ, ఎవరూ ప్రత్యేకంగా చెప్పకుండానే, నిశితంగా గమనించి నేర్చుకుంటారని, ఒకేసారి రెండు మూడు విషయాల మీద దృష్టి నిలపగలరని నమోదు చేశారు. అలాంటి బిడ్డకు నా మూల్యాంకన పత్రంలో 'పాల్గొనడం లేదు' అన్న గడి ఒక్కటే ఉంటే, లోపం పత్రంలో ఉంది.

అపోహ: "సమావేశాలకు రాని తల్లిదండ్రులకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదు."

వాస్తవం: రాకపోవడానికి కారణాలు అడిగి చూస్తే శ్రద్ధ లేకపోవడం అన్నది చాలా అరుదుగా తేలుతుంది. పనివేళల్లో పెట్టిన సమావేశం, వస్తే పోయే రోజుకూలి, చంకలో ఇంకో పసిబిడ్డ, అర్థంకాని భాషలో వచ్చిన సర్క్యులర్, తాము చదువుకునే రోజుల్లో బడి మిగిల్చిన అవమానం, ఇవే ఎక్కువగా వినిపిస్తాయి. టీచరు పనిలో తలదూర్చకపోవడమే టీచరుకు ఇచ్చే గౌరవమని భావించే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల మర్యాదను మనం ఉదాసీనత అంటున్నాం.

పిలిచే పద్ధతిని కూడా చూసుకోవాలి. ఫిర్యాదు ఉన్నప్పుడు మాత్రమే ఇంటికి ఫోన్ చేసే బడి నంబరు తెరమీద కనిపించగానే ఏ తల్లి గుండె అయినా గుభేలుమంటుంది. చేరిన మొదటి రెండు వారాల్లో ఏ సమస్యా లేకుండా ఒకసారి మాట్లాడడం, బిడ్డ ఆ రోజు చేసిన ఒక చిన్న పనిని చెప్పడం ఖర్చులేని ఏర్పాటు. భాష అడ్డయితే పెద్దవారైన దుబాసీని ఏర్పాటు చేసుకోవాలి, అక్కనో అన్ననో మధ్యవర్తిగా కూర్చోబెట్టకూడదు. తమ్ముడి లోపాల గురించి అమ్మానాన్నలకు అనువదించి చెప్పవలసిన బరువు పదేళ్ల పిల్ల మీద పెట్టడం న్యాయం కాదు, పైగా ఆ పిల్ల కష్టమైన మాటలను మెత్తబరచి చెబుతుంది. బిడ్డను రోజూ దింపేది అమ్మమ్మో, పెదనాన్నో అయితే సంభాషణ వారితోనే సాగాలి. దరఖాస్తులో 'తల్లి', 'తండ్రి' అన్న రెండే గళ్లు ఉంటే 'బిడ్డను చూసుకునేవారు' అన్న మూడో గడి చేర్చడానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కరలేదు.

అపోహ: "భాగస్వామ్యం అంటే ఇంట్లో ఏం చేయాలో తల్లిదండ్రులకు మనం నేర్పడం."

వాస్తవం: అది ఒకవైపు నుంచి సాగే బోధన. అమెరికాలోని అరిజోనాలో లూయిస్ మోల్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన అధ్యయనంలో టీచర్లు పిల్లల ఇళ్లకు లోపాలు వెతకడానికి కాక, నేర్చుకోవడానికి వెళ్లారు. బడి దృష్టిలో పేదవైన ఆ శ్రామిక కుటుంబాల్లో వ్యవసాయం, గనుల పని, ఇళ్ల నిర్మాణం, వ్యాపారం, ఇంటివైద్యం వంటి విస్తారమైన జ్ఞానం ఉందని గుర్తించి, దాని ఆధారంగా పాఠాలు అల్లుకున్నారు. న్యూజీలాండ్ 1996లో తెచ్చిన శిశువిద్యా పాఠ్యక్రమం 'టె ఫారికి' పేరుకు అక్కడి ఆదివాసుల మావోరీ భాషలో అల్లిన చాప అని అర్థం. కుటుంబం, సమాజం బిడ్డ చదువులో విడదీయరాని భాగమన్నది దాని నాలుగు మూల సూత్రాల్లో ఒకటి.

చేరికనాడు నేను అడిగే ప్రశ్నలు ఇప్పుడు మారాయి. బిడ్డకు ఏమేం రావు అని అడగడం మానేశాను. ఇంట్లో బిడ్డను ఏమని పిలుస్తారు, ఆ పేరును ఎలా పలకాలి, ఏడిస్తే ఎవరు ఎలా ఊరుకోబెడతారు, ఏ పనిలో మీకు సాయం చేస్తుంది, మా దగ్గర ఏది జరగకూడదని మీరు కోరుకుంటున్నారు అని అడుగుతున్నాను. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులే ఎక్కువ నేర్పాయి. పేరు నోరు తిరగడం లేదని మనమే ఒక ముద్దుపేరు తగిలించడం మాత్రం ఎన్నడూ చేయకూడని పని, నాలుగుసార్లు అడిగితే ఏ పేరైనా వస్తుంది.

అపోహ: "అన్ని సంస్కృతుల గురించీ టీచరుకు తెలిసి ఉండాలి."

వాస్తవం: అది అసాధ్యం, అవసరమూ కాదు. 'ఫలానావారు ఇలా ఉంటారు' అన్న జాబితాలు బట్టీపడితే పాత అపోహల స్థానంలో కొత్తవి వస్తాయి. ఒకే భాష, ఒకే మతం, ఒకే వీధి అయిన రెండు ఇళ్లలో పెంపకం రెండు విధాలుగా ఉండవచ్చు.

అపోహ: "సంస్కృతిని గౌరవించడమంటే కుటుంబం చెప్పిన ప్రతిదానికీ తలూపడం."

వాస్తవం: బిడ్డ భద్రత, ఆరోగ్యం, కొట్టకపోవడం వంటి విషయాల్లో రాజీ లేదు, సంస్కృతి పేరుతో హింసను సమర్థించే వాదనను నేను అంగీకరించను. కానీ రోజువారీ తగాదాల్లో నూటికి తొంభై ఆ కోవకు చెందవు. అవి నిద్ర గురించి, తిండి గురించి, బట్టలకు అంటే మట్టి గురించి, ఎవరి పని వారు చేసుకోవడం గురించి. అక్కడ రెండు పక్షాలకూ తమ తమ కారణాలుంటాయి.

మూడున్నరేళ్ల బాబు ఒకడు మా తరగతిలో చేతితో తినడానికి ససేమిరా అనేవాడు, ఎవరైనా తినిపించేదాకా పళ్లెం ముందు కూర్చునేవాడు. స్వయంగా తినడం నేర్పాలన్నది మా నియమం. తినిపించడం ఆపితే బిడ్డను వదిలేసినట్టేనన్నది వాళ్లమ్మ బాధ. స్వతంత్రంగా బతకడం నేర్పాలని నేను చూస్తున్నాను, ఒకరికొకరు తోడుండడం నేర్పాలని ఆమె చూస్తోంది. ఇది అర్థం కావడానికి మాకు మూడు సంభాషణలు పట్టాయి, మొదటి రెండింటిలో నేనే ఎక్కువ మాట్లాడానని ఒప్పుకోవాలి. చివరికి మొదటి సగం తనంతట తను తింటే మిగతా సగం ఆయా పక్కన కూర్చొని తినిపించేలా, ఇంట్లో మాత్రం వాళ్ల పద్ధతే సాగేలా అనుకున్నాం. ఆమె మరో కోరిక కూడా కోరింది: అన్నం ముగించిన పిల్లలు పక్కవాడికి మంచినీళ్లు అందించడం అలవాటు చేయమంది. ఇప్పుడు మా తరగతిలో అందరూ అలాగే చేస్తున్నారు.