మామిడికాయ ఒకటే, జాడీలు వేరు

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

స్కూలు వాళ్లు మిమ్మల్ని కాంటర్‌బరీ తీసుకెళ్లారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆరొందల ఏళ్ల నాటి ఇంగ్లీషు కవి చాసర్ రాసిన 'కాంటర్‌బరీ కథల' గురించి చిట్టితల్లి అడిగిన ప్రశ్న కూడా చెప్పింది: "ఆ చాసర్ ఒక్కడే కదా రాశాడు, మరి ఒకటి రాజుల కథ, ఒకటి కోడి కథ, ఒకటి దేవుడి కథ ఏంటి? ఏది రాయాలో తేల్చుకోలేకపోయాడా?" నేను ఏళ్ల తరబడి కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను గానీ, ఇంత సూటిగా ఎవరూ అడగలేదమ్మా.

చాసర్ లండన్ రేవులో పన్నెండేళ్లు సుంకాల లెక్కలు చూసిన ఉద్యోగి. రకరకాల మనుషుల మాట విన్న చెవి అది. 1387 ప్రాంతంలో ఈ కథలు మొదలుపెట్టాడు. లండన్ పక్కన సదర్క్‌లో టాబర్డ్ అనే సత్రం, కాంటర్‌బరీ తీర్థయాత్రకు బయల్దేరిన ముప్ఫై మంది దాకా జనం. పోయేటప్పుడు తలా రెండు కథలు, వచ్చేటప్పుడు రెండు చెప్పాలి, గెలిచినవాళ్లకి మిగతావాళ్లు భోజనం పెట్టించాలి అని సత్రం ఆయన పందెం కట్టాడు. 1400లో చాసర్ పోయేనాటికి 24 కథలే తేలాయి, వాటిలోనూ కొన్ని సగంలో ఆగినవి. రెండు తప్ప అన్నీ పద్యాలే.

ఇప్పుడు మన పెరట్లో మామిడిచెట్టు దగ్గరికి రండి. చెట్టు ఒక్కటే. పచ్చికాయ కొట్టి ఆవపిండి, కారం, నూనె కలిపితే ఆవకాయ. చెక్కు తీసి, ముక్కలు ఉప్పులో ఊరేసి ఎండబెడితే మాగాయ. పండాక రసం తీసి చాప మీద పొర మీద పొర ఎండబెడితే తాండ్ర. రుచి మారేది చేసే పద్ధతిలో. కథల్లోనూ ఇదే సంగతి.

చాసర్ కథల్లో మొదట చెప్పేది నైట్, అంటే గుర్రపు వీరుడు. వరసకు అన్నదమ్ములైన ఇద్దరు, పాలమన్, ఆర్సైట్, జైలు కిటికీలోంచి ఎమిలీ అనే అమ్మాయిని చూస్తారు. ఇద్దరికీ ఆమే కావాలి. దేవతలకు మొక్కులు, చెరో వందమంది వీరులతో పోరు, గెలిచినవాడు గుర్రం మీంచి పడి చచ్చిపోవడం. రెండు వేల పైచిలుకు పంక్తులు. ఇలా వీరులూ ప్రేమలూ కలిసిన పెద్ద కథని రొమాన్స్ అంటారు. ఇది తాండ్ర.

నా చిన్నప్పుడు తాండ్ర చాపల దగ్గర కాకుల కాపలా నాదే. చేతిలో కర్ర, మూతి నిండా రసం. అడుగు పొర ఆరకముందే పైపొర పోస్తే బూజు పడుతుందని మా నాయనమ్మ ఒక్కటే కేకలు. పెద్ద కథలూ అంతే, వాటిని తొందరపెట్టకండి. ఫోన్ పక్కన పెట్టి చదవండి.

నైట్ ముగించగానే తప్పతాగిన పిండిమర ఆయన "ఇప్పుడు నా వంతు" అని అడ్డంపడతాడు. మళ్లీ ఒక అమ్మాయి, ఇద్దరు కుర్రాళ్లే! కానీ ఇది ఆక్స్‌ఫర్డ్‌లో ఒక వడ్రంగి ఇల్లు. అద్దెకున్న స్టూడెంటు, బైబిల్లోని నోవా నాటి మహావరద మళ్లీ వస్తోందని ఆ పెద్దాయన్ని నమ్మిస్తాడు. ఆయన పాపం దూలాలకు మూడు తొట్లు వేలాడదీసి ఒకదాన్లో నిద్రపోతాడు. అర్ధరాత్రి ఎవరో "నీళ్లు! నీళ్లు!" అని అరిస్తే వరదొచ్చిందనుకుని తాడు కోసేస్తాడు. దబ్బున పడి చెయ్యి విరుగుతుంది. మిగతాది పెద్దయ్యాక చదువుకుందురు గాని. ఇలాంటి మోటు నవ్వుల కథను ఫాబ్లియో అంటారు. ఇదీ ఆవకాయ! నైట్ వాడిన కాయనే తీసుకుని కారం కలిపాడు ఆ పిండిమర ఆయన. చాసర్ ఈ రెంటినీ కావాలనే పక్కపక్కన పెట్టాడని నా నమ్మకం. ఇందాక జాలిపడ్డ సంగతికే ఇప్పుడు నవ్వుతాం.

ఇంకో జాడీలో నీతికథ. ముగ్గురు తాగుబోతులు మృత్యువును చంపుతామని బయల్దేరి, చెట్టు కింద బంగారం చూసి, దానికోసం ఒకరినొకరు చంపుకుంటారు. బుద్ధుడి జాతక కథల్లో వేదబ్భ జాతకంలోనూ ఇలాగే ఉంటుంది, అక్కడ దొంగలు. ఎన్ని నోళ్లు దాటి ఇంగ్లండు చేరిందో! ఆ యాత్రికుల్లో చాసర్ కూడా ఒకడు, తనకు తాను మాత్రం చచ్చు పాట ఒకటి పెట్టుకున్నాడు. ఇక ఆపవయ్యా అని సత్రం ఆయన మధ్యలోనే నోరు మూయిస్తాడు.

అయితే నా మామిడికాయ ఒకచోట పనికిరాదు. చాసర్ కాలంలోనే పేరు తెలియని ఒక కవి 'పర్ల్', అంటే ముత్యం, అని ఒక కావ్యం రాశాడు. రెండేళ్లయినా నిండని కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి తోటలో నిద్రపోతాడు. కలలో ఏటి అవతల ముత్యాలు ధరించి ఆ పిల్ల కనిపిస్తుంది. ఇప్పుడు ఆమే పెద్దదానిలా తండ్రికి సర్దిచెబుతుంది. ఆగలేక ఏట్లోకి ఉరకబోతాడు, మెలకువొస్తుంది. 101 పద్యాలు. ఇలాంటివాటిని స్వప్నకావ్యాలంటారని క్లాసులో చెప్పేవాణ్ణి. చెప్పాక మాత్రం కాసేపు ఏమీ మాట్లాడబుద్ధి వేసేది కాదు. దీని ప్రతి లోకంలో ఒక్కటే ఉంది. 1731లో అది ఉన్న భవనం తగలబడినా బతికింది. ఇప్పుడు మీ ఊళ్లోనే, లండన్లో, బ్రిటిష్ లైబ్రరీ వాళ్ల దగ్గరుంది.

మీరు మాత్రం చాసర్ కోడిపుంజు కథతో మొదలుపెట్టండి. నక్క పొగడ్తకు ఉబ్బి, కళ్లు మూసుకుని మెడ చాచి కూస్తుంది, అంతే, దొరికిపోతుంది. కోళ్ల ఏడుపును పాత గ్రీకు కథల్లోని ట్రాయ్ నగరం కూలినప్పటి ఆడవాళ్ల ఏడుపుతో పోలుస్తాడు, కొంటెవాడు. అప్పుడు నక్క వెంట ఎవరెవరు పరిగెత్తారో చూడండి. మనుషులే కాదు. బుజ్జిగాడు లెక్కపెట్టాలి, చిట్టితల్లి రాసి పంపాలి. తేనెటీగలు మర్చిపోతే మార్కులు కోస్తా.

మీ
తాతయ్య