సహజ మౌత్‌వాష్‌లు, చిగుళ్ళ ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని దంతవైద్యుల దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఉప్పునీళ్ళో, వేపాకు కషాయమో, నువ్వుల నూనో కొన్నాళ్ళు పుక్కిలించి చూసి ఉంటారు. అవి పనికిరానివని నేను అనను. కానీ అవి చేయగల పని వేరు, వాటి నుంచి మనం ఆశిస్తున్న పని వేరు.

అపోహ: మూలికల కషాయంతో రోజూ పుక్కిలిస్తే పాచి, గార కరిగిపోతాయి.

వాస్తవం: పాచి అంటే పళ్ళకు అంటుకున్న తిండి కాదు. పళ్ళు తోమిన కొద్ది గంటల్లోనే బ్యాక్టీరియా పంటి మీద చేరి, తమ చుట్టూ జిగురును అల్లుకుని కట్టుకునే పొర అది. ఆ జిగురు వల్ల పుక్కిలించిన ద్రవం పైపై పొరను తాకుతుందే గాని లోపలికి అంతగా చొరబడలేదు. అందుకే వేపకూ పసుపుకూ బ్యాక్టీరియాను అణచే గుణం ఉన్నా, ప్రయోగశాలలో కనిపించినంత ప్రభావం నోట్లో కనిపించదు. పాచిని వదిలించేది బ్రష్షు రాపిడి, పళ్ళ సందుల్లో ఫ్లాస్ లేదా సందుల బ్రష్షు. 1965లో హెరాల్డ్ లో (Harald Löe) అనే దంత పరిశోధకుడి బృందం ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనలో, ఆరోగ్యమైన చిగుళ్ళున్నవారు పళ్ళు శుభ్రం చేసుకోవడం మానేయగా మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి, తిరిగి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టిన వారం రోజుల్లో ఆ వాపు తగ్గింది. పాచిలో లాలాజలపు కాల్షియం, ఫాస్ఫేట్ చేరి గట్టిపడితే అది గార అవుతుంది. అప్పుడు బ్రష్షు కూడా చాలదు, స్కేలింగ్ (దంతవైద్యులు పరికరంతో గారను తీసేయడం) చేయించుకోవలసిందే. స్కేలింగ్ పళ్ళను వదులు చేస్తుందన్న భయానికి ఆధారం లేదు. పళ్ళను పట్టి ఉంచే ఎముక అంతకుముందే తరిగిపోయి ఉంటుంది, గార పోయాక పళ్ళ కదలిక బయటపడుతుంది.

అపోహ: త్రిఫల, పసుపు నీళ్ళు క్లోర్‌హెక్సిడిన్‌తో (దంతవైద్యులు రాసే, బ్యాక్టీరియాను అణచే మౌత్‌వాష్ మందు) సమానమని తేలిపోయింది.

వాస్తవం: మన దేశంలో జరిగిన కొన్ని పరిశోధనల్లో దగ్గరి ఫలితాలు వచ్చిన మాట నిజమే. అయితే వాటిలో చాలావరకు కొద్దిమందితో, కొన్ని వారాల పాటు జరిగినవి. పాల్గొన్నవారు మామూలుగా పళ్ళు తోముకుంటూనే ఉన్నారు. క్లోర్‌హెక్సిడిన్ పంటికీ నోటి లోపలి పొరకూ అంటిపెట్టుకుని గంటల తరబడి పనిచేస్తుంది, ఆ గుణమే దాని బలం. ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు, రుచి తెలియకపోవడం వస్తాయి గనుక దాన్ని కొద్ది రోజులకే రాస్తాం.

అపోహ: సహజమైనది కాబట్టి హాని చేయదు.

వాస్తవం: నిమ్మరసం సహజమే, కానీ నోటిలో pH (పులుపును తెలిపే కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కన్నా తగ్గితే ఎనామెల్ (పంటి గట్టి పైపొర) కరగడం మొదలవుతుంది, నిమ్మరసం pH సుమారు 2 మాత్రమే. యాపిల్ సైడర్ వెనిగర్ సంగతీ అంతే. లవంగ నూనెను మరో నూనెలో కలపకుండా నేరుగా చిగుళ్ళకు రాస్తే పొక్కులు రావచ్చు. మరోవైపు, కెమికల్ అని చాలామంది దూరం పెట్టే కొన్ని మౌత్‌వాష్‌లలోని థైమాల్ మన వాములో ఉండే పదార్థమే.

అపోహ: ఆయిల్ పుల్లింగ్ ఒంట్లోని విషాలను బయటకు లాగుతుంది, నూనె తెల్లబడటమే అందుకు రుజువు.

వాస్తవం: నూనె లాలాజలంతో కలిసి చిలకబడటం వల్ల తెల్లబడుతుంది, ఆ రంగుకు విషాలతో సంబంధం లేదు. ఆయుర్వేదంలో నోటి నిండా పట్టి కదపకుండా ఉంచడాన్ని గండూషమనీ, నోట్లో తిప్పుతూ పుక్కిలించడాన్ని కవలమనీ అంటారు. నోటి శుభ్రతకు తోడుగా ఈ అలవాటు ఉన్నవారిని నేను ఆపను. మింగడంలో ఇబ్బంది ఉన్న పెద్దవారు మాత్రం చేయకూడదు, ఊపిరితిత్తుల్లోకి నూనె దిగితే న్యుమోనియా రావచ్చు.

ఉప్పునీళ్ళ విషయంలో పెద్దగా వివాదం లేదు. గ్లాసు గోరువెచ్చని నీటికి అర టీస్పూను ఉప్పు చాలు. పన్ను తీయించుకున్న మొదటి రోజు పుక్కిలించకూడదు, రక్తపు గడ్డ ఊడిపోతుంది. ఆ తర్వాత నెమ్మదిగా పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది.

అపోహ: రక్తం రావడం ఆగితే చిగుళ్ళు బాగయినట్టే.

వాస్తవం: పొగ తాగేవారిలో లోపల జబ్బు ముదురుతున్నా చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది. పంటికీ చిగురుకూ మధ్య ఏర్పడే సందు ఎంత లోతుందో దంతవైద్యులు సన్నని కొలత పరికరంతో చూస్తారు. అది లోతుగా ఉంటే పుక్కిలించే ద్రవం ఏదైనా అడుగుదాకా చేరదు. షుగర్ ఉన్నవారిలో ఈ జబ్బు త్వరగా ముదురుతుంది కనుక, వారు రక్తం కనిపించినా కనిపించకపోయినా ఏటా ఈ కొలత చూపించుకోవాలి.