నాన్న భుజాల మీద ఉన్నది ఎవరు?

1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద నాకు బాగా గుర్తు. నాన్న భుజాల మీద కూర్చుని ఉన్నాను. ఆయన నీళ్లలో నడుచుకుంటూ ఏటిగట్టు వైపు వెళుతున్నారు. చుట్టూ ఎర్రనీళ్లు. పడిపోతానేమోనని ఆయన జుట్టు గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు నాకు నాలుగేళ్లు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. కోనసీమలో మా ఈడు వాళ్లందరికీ ఆ వరద గురించి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకున్నది ఇదే.

మొన్న మే నెలలో రాజమండ్రిలో అన్నయ్య ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం. ముద్దపప్పు, కొత్తావకాయ, ఆవ పెట్టిన పనసపొట్టు కూర. పిల్లలకు వరద కథ చెబుతుంటే, నెయ్యి వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగింది.

"భుజాల మీద నువ్వెక్కడున్నావురా? ఒళ్లు కాలిపోతూ నా చంకలో ఉన్నావు. నాన్న ఎత్తుకుంది అన్నయ్యని."

అన్నయ్య తల కూడా ఎత్తలేదు. "నేనే. నాన్న జుట్టు పీకేస్తున్నానని తిట్లు కూడా తిన్నాను," అన్నాడు.

పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. నాన్న పోయి పదేళ్లు. ఆయన భుజాల మీద కూర్చున్నట్టు నాకున్న ఒకే ఒక్క జ్ఞాపకం అది. అదీ నాది కాదంటున్నారు.

ఇలాంటి తగాదా మా ఇంటికే పరిమితం కాదు. ఒక సంఘటన తనకే జరిగిందని కవలలిద్దరూ గట్టిగా నమ్మే సందర్భాల మీద 2001లో ఒక పరిశోధన వచ్చింది. దెబ్బ తగిలింది నాకేనని ఇద్దరూ అంటారు. ఇద్దరికీ ఆ దృశ్యం కళ్లకు కట్టినట్టు ఉంటుంది, ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. కవలలు కాని తోబుట్టువుల మధ్య కూడా ఇలాంటివి కనిపించాయి.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో జీవితమంతా పరిశీలించిన జాన్ పియాజేకే ఇలాంటి అనుభవం ఉంది. రెండేళ్ల వయసులో పారిస్‌లో తనను ఎవరో ఎత్తుకుపోబోయారని, ఆయా అడ్డుపడి కాపాడిందని, ఆమె మొహం మీద గీరుకుపోయిన గాట్లతో సహా ఆయనకు గుర్తుండేది. పియాజేకు పదిహేనేళ్ల వయసప్పుడు ఆ ఆయా ఉత్తరం రాసింది. అదంతా తను కల్పించిన కథేనని ఒప్పుకుని, అప్పుడు బహుమతిగా ఇచ్చిన గడియారాన్ని కూడా తిప్పి పంపేసింది. పియాజే చిన్నప్పుడు ఇంట్లో విన్న కథే ఆయన బుర్రలో కంటితో చూసిన దృశ్యంగా మారిపోయింది.

"అంత పెద్ద వరదను ఎవరు తప్పుగా గుర్తుపెట్టుకుంటారు?" అని మా వదిన అడిగింది. నిజానికి పెద్ద సంఘటనల్లోనూ మనం తప్పుతాం. ఆ 1986లోనే, జనవరిలో, అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పేలిపోయింది. ఆ వార్త ఎక్కడ, ఎలా తెలిసిందో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త మర్నాడే విద్యార్థుల చేత రాయించి దాచారు. రెండున్నరేళ్లు దాటాక 44 మందిని మళ్లీ అడిగితే, వాళ్లలో నాలుగో వంతు మంది చెప్పినవేవీ మొదట రాసిన వాటితో కలవలేదు. వాళ్ల నమ్మకం మాత్రం సడలలేదు. సొంత దస్తూరీ చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఇలా ఎందుకవుతుంది? జ్ఞాపకం అంటే పెట్టెలో పెట్టి తాళం వేసిన ఫోటో అనుకుంటాం. మెదడులో అలాంటి పెట్టె లేదు. చూసినవి ఒకచోట, విన్నవి ఒకచోట, భయం ఇంకోచోట నమోదవుతాయి. వీటన్నిటినీ ముడివేసేది హిప్పోక్యాంపస్. కణతలకు లోపలి వైపున, సముద్రపు గుర్రం ఆకారంలో ఉండే చిన్న భాగం అది. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ ఆ ముక్కలన్నీ మళ్లీ ఒకచోట చేరాలి. చేరాక మళ్లీ భద్రపడాలి. 2000లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఇది బయటపడింది. ఒక శబ్దం వినిపించి షాక్ ఇచ్చి, ఆ శబ్దమంటే భయం నేర్పారు. తర్వాత అదే శబ్దంతో ఆ భయాన్ని లేపి, ఆ వెంటనే మెదడులో ప్రోటీన్ల తయారీని ఆపే మందు ఇస్తే, నేర్చుకున్న భయం పోయింది. జ్ఞాపకాన్ని లేపకుండా అదే మందు ఇస్తే భయం అలాగే ఉంది.

నాకు ఆవకాయ గుర్తొచ్చింది. కలిపి జాడీకెత్తి వాసెన కట్టేస్తే పనైపోదు. మూడోనాడు తీసి తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోసి, మళ్లీ ఎత్తుతాం. అన్నయ్య వరద కథను మా ఇంట్లో ఎన్ని వందలసార్లు చెప్పుకున్నామో! ప్రతిసారీ నేను మనసులో ఆ భుజాల మీద ఎక్కి కూర్చుని ఉంటాను. ఎక్కడో ఒకసారి అన్నయ్య దిగిపోయి, నేను మిగిలిపోయాను.

ఇక మూడేళ్లలోపు సంగతులైతే పెద్దగా ఎవరికీ సొంతంగా ఉండవు. చాలామంది పెద్దలకు తొలి జ్ఞాపకం మూడు, మూడున్నరేళ్ల దగ్గర మొదలవుతుంది. పసితనంలో హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు జోరుగా పుడుతూ పాత అల్లికను చెదరగొడతాయని, అందుకే మరుపు వస్తుందని టొరంటో శాస్త్రవేత్తలు 2014లో ఎలుకల్లో చూపించారు. మనుషుల్లో దీనికి మాట కూడా తోడవుతుంది. జరిగిన వాటి గురించి పిల్లలతో వివరంగా మాట్లాడే తల్లుల పిల్లలకు చిన్ననాటి సంగతులు ఎక్కువగా, ఇంకాస్త వెనకటివి కూడా గుర్తుంటాయి. వంశగాథలు చెప్పుకునే సంప్రదాయం బలంగా ఉన్న న్యూజిలాండ్ మావోరీల తొలి జ్ఞాపకాలు, అక్కడి మిగతా వారితో పోలిస్తే, ఇంకా చిన్న వయసువని ఒక అధ్యయనంలో తేలింది.

అంటే నా మొదటి మూడేళ్లకు ఇప్పుడు మిగిలిన సాక్షి అమ్మ ఒక్కతే. ఆవిడకు 72 ఏళ్లు. ఈ మధ్య మరుపు వస్తోంది.

ఆ భోజనంలోనే మా అన్నయ్య కూతుర్ని "సెలవులు ఎప్పటిదాకా?" అని మూడుసార్లు అడిగింది. మూడోసారి నేను విసుక్కున్నాను. "ఇందాకే చెప్పింది కదమ్మా!" అమ్మ ఏమీ అనలేదు. కంచంలో ముద్ద అటూ ఇటూ దొర్లించింది. ఆ మొహం చూశాక నా మీద నాకే కోపం వచ్చింది. డాక్టరుకు చూపించాం. వయసుతో వచ్చే మతిమరుపే అన్నారు. తెలిసిన దారిలోనే తప్పిపోయినా, డబ్బు లెక్క తెలియకపోయినా, రోజూ వండే వంటలో వరుస తప్పుతున్నా మాత్రం ఆలస్యం చేయకూడదు. థైరాయిడ్ సమస్య, బి12 లోపం లాంటి నయమయ్యే కారణాలు కూడా ఉండొచ్చు.

ఇదే అమ్మ ఆవపిండి, కారం, ఉప్పు కొలత దగ్గర ఎప్పుడూ తడబడదు. చేతికి తెలిసిన విద్య మెదడులో వేరే దారిలో ఉంటుంది. మూర్ఛకు చికిత్సగా 1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత కొత్తగా జరిగేదేదీ ఆయనకు నిలిచేది కాదు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమని బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వవేత్త రోజూ ఇస్తే, రోజురోజుకీ బాగా గీశాడు. కానీ అంతకుముందు ఆ పని చేసినట్టే ఆయనకు గుర్తులేదు.

"గుర్తుందా?" అని అడగడం ఆ రోజు నుంచి మానేశాను. ఆ ప్రశ్న అమ్మకు పరీక్షలా ఉంటుంది, టెన్షన్ పడుతుంది. పైగా మనం అడిగేవన్నీ మన చిన్నతనం గురించే. వయసు మళ్లిన వాళ్లను జీవితంలో సంగతులు చెప్పమంటే, పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్యవే ఎక్కువగా వస్తాయని దశాబ్దాలుగా చేసిన పరిశోధనల్లో కనబడుతోంది. మా అమ్మ లెక్కలో 1963 నుంచి 1983 దాకా. అందులో నేను ఉన్నది చివరి ఏడాదిన్నర మాత్రమే.

వాసనది ఇంకో దారి. మిగతా ఇంద్రియాల సమాచారం ముందు థాలమస్ అనే మజిలీలో ఆగుతుంది. వాసన అక్కడ ఆగకుండా, భయానికీ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాల దగ్గరికి సూటిగా చేరుతుంది. 65 ఏళ్లు దాటినవాళ్లకు మాటలు, బొమ్మలు, వాసనలు ఇచ్చి స్వీడన్‌లో చూస్తే, వాసనలు లేపిన జ్ఞాపకాల్లో ఎక్కువ భాగం పదేళ్లలోపువి. మాటలు, బొమ్మలు లేపినవి ఎక్కువగా పదేళ్లు దాటాక జరిగినవి. ముక్కుకెక్కే ఆవ ఘాటు మాత్రం అసలు వాసన కాదు. ఆవపిండికి తడి తగిలితే పుట్టే ఒక రసాయనం, మంటను, నొప్పిని తెలిపే నరాన్ని తడుతుంది. కళ్లు చెమ్మగిల్లేది అందుకే.

అమ్మ ఆ పనసపొట్టు కూర వాసన చూసి, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. వాళ్లమ్మ ఆవ నూరుతుంటే రోలు పక్కన కూర్చునేదట. ఆవకాయ కలిపిన బేసిన్‌లో అమ్మమ్మ వేడన్నం వేసి, కలిపి, వరసగా ఆరుగురు పిల్లల చేతుల్లో ముద్దలు పెట్టేదట. చివరి ముద్ద అమ్మదే. బేసిన్ అంచుల్లో గుజ్జంతా దానికే అంటుకునేదని, చివర్న కూర్చోవడానికి చెల్లెలితో దెబ్బలాడేదట. నలభై మూడేళ్లలో ఈ కథ నేను వినలేదు.

అప్పుడు తట్టింది. నా వరద జ్ఞాపకంలో నాన్న ఉన్నారు, నీళ్లున్నాయి, గట్టు ఉంది. అమ్మ లేదు. అందుకే ఆమెను ఆ రోజు గురించి ఎప్పుడూ ఏమీ అడగలేదు.

"అన్ని నీళ్లలో నన్నెత్తుకుని ఎలా నడిచావమ్మా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "నడుం దాకా నీళ్లు. నాన్న వీపు చూసుకుంటూ నడిచాను. నువ్వు నీళ్లు చూసి జడుసుకుంటావని నీ మొహం మీద కొంగు కప్పేశాను. గట్టెక్కే దాకా తియ్యలేదు," అంది.

నాకు కనిపించే ఆ ఎర్రనీళ్లు నేను చూడనేలేదు. అమ్మ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, నెయ్యి గిన్నె కోసం చూసింది.