తప్పు స్విచ్ నొక్కినవాడిదేనా?

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నానమ్మ అలవాటు కొద్దీ ఇంకా మీ లెక్కలోనే పాలు పోయించుకుంటోంది.

మొన్న ఎగ్జిబిషన్‌లో మనం పైన ఉండగా జెయింట్ వీల్ ఆగిపోయి, ఇరవై నిమిషాలు కదల్లేదు కదా. దిగగానే మీ నాన్న స్విచ్ దగ్గర నిలబడ్డ కుర్రాడి మీద గట్టిగా అరిచాడు. ఇంటికొస్తూ ఆటోలో బుజ్జి అడిగింది: "ఎవరికైనా దెబ్బ తగిలుంటే ఆ అన్నని జైల్లో పెట్టేవాళ్ళా తాతయ్యా?" అప్పుడు "చూద్దాంలే" అని దాటేశాను. అది ఆటోలో తేలే ప్రశ్న కాదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఇంగ్లండ్‌లో జరిగిన సంగతి చెబుతాను. స్టాఫర్డ్‌షైర్‌లో ఆల్టన్ టవర్స్ అనే పెద్ద పార్కు ఉంది. అందులో 'ది స్మైలర్' అనే రోలర్ కోస్టర్. మనిషిని 14 సార్లు తలకిందులు చేస్తుంది. అది ప్రపంచ రికార్డట! నన్ను ఒక్కసారి తలకిందులు చేసినా చాలు, రాత్రి తిన్నది బయటికొస్తుంది.

2015 జూన్ 2న ఆ రైడ్‌లో ఏదో లోపం వస్తే ఇంజనీర్లు సరిచేశారు. ఆ రోజు పట్టాల మీద అప్పటిదాకా నాలుగు ట్రైన్లు, అంటే జనం కూర్చునే బండ్లు, తిరుగుతున్నాయి. జనం పెరిగారని ఐదోది కూడా దించారు. మనుషుల్లేకుండా ఒక ఖాళీ ట్రైన్‌ను పరీక్షకు పంపితే, గాలి విసురుకి అది చుట్టు పూర్తి చేయలేక మధ్యలో పల్లంలో ఆగిపోయింది. దాని వెనకే 16 మందితో ఇంకో ట్రైన్ బయలుదేరింది.

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. మన రైల్వేలో బ్లాక్ సెక్షన్ ఉంటుంది చూడండి, ఒక ముక్కలో ఒక రైలు ఉంటే రెండోదాన్ని అందులోకి రానివ్వరు. రోలర్ కోస్టర్‌లోనూ అదే పద్ధతి. ముందు ముక్కలో ఖాళీ ట్రైన్ ఉందని కంప్యూటర్ పసిగట్టి, మనుషులున్న ట్రైన్‌ను పైనే ఆపేసింది. అంటే మెషిన్ తన పని తాను సరిగ్గా చేసింది. కానీ ఐదో ట్రైన్ సంగతి తెలియని ఇంజనీర్లు, ఉన్నవి నాలుగే అనుకున్నారు. వాళ్ళ లెక్కకు అన్నీ కనిపిస్తున్నాయి. దాంతో కంప్యూటరే తప్పు చెబుతోందనుకుని, దాన్ని పక్కనపెట్టి ట్రైన్‌ను వదిలారు.

అది వెళ్ళి ఖాళీ ట్రైన్‌ను గుద్దింది. టన్నున్నర కారు గంటకు 90 మైళ్ళ వేగంతో, అంటే దాదాపు 145 కిలోమీటర్లతో, గుద్దినంత దెబ్బ అని కోర్టులో అన్నారు. ముందు వరసలో కూర్చున్న ఇద్దరు అమ్మాయిలకు కాలు తీసేయాల్సి వచ్చింది. గాయపడినవాళ్ళు ఇరవై అడుగుల ఎత్తున, వాలుగా ఇరుక్కుపోయారు. అందరినీ దించేసరికి గంటలు పట్టింది. అంబులెన్సుకు మొదటి ఫోన్ వెళ్ళిందే 17 నిమిషాల తర్వాత. నాకైతే గుద్దుకోవడం కన్నా ఆ 17 నిమిషాలే ఎక్కువ బాధ కలిగించాయి.

మొదట్లో కంపెనీ ఏమందంటే, ఇది మానవ తప్పిదం అంది. మీ నాన్న ఆ కుర్రాడితో అన్నదీ అదే. పైకి చూస్తే నిజమే కదా, బటన్ నొక్కింది మనిషే.

కానీ ప్రభుత్వ భద్రతా శాఖవాళ్ళు ఇంకో వైపు నుంచి తవ్వారు. ఐదో ట్రైన్ దించితే అక్కడ పని చేసే అందరికీ తెలియజేసే పద్ధతి ఉందా? లేదు. మనుషులు ఎక్కి ఉన్నప్పుడు కంప్యూటర్‌ను కాదని రైడ్ నడపాలంటే ఎవరి అనుమతి కావాలి, ఏమేం చూసుకోవాలి అని రాసిపెట్టిన పద్ధతి ఉందా? అదీ లేదు. తయారు చేసినవాళ్ళు గాలి గంటకు 34 మైళ్ళు దాటితే నడపొద్దన్నారు. ఆ రోజు అంతకన్నా ఎక్కువే వీచిందని అంచనా. పైగా రైడ్ ఆగి ఉండే సమయం తగ్గితే బోనస్ వచ్చే ఏర్పాటు ఉందని కోర్టులో బయటపడింది. ఆలోచించండి, ఆపడం తెలిసిన మనిషికి ఆపితే బోనస్ పోతుందని కూడా తెలిస్తే, చెయ్యి ఎటు పోతుంది?

కంపెనీ నేరం ఒప్పుకుంది. 2016 సెప్టెంబర్‌లో స్టాఫర్డ్ క్రౌన్ కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. మొదట 75 లక్షలు అనుకుని, ఒప్పుకున్నందుకు మూడో వంతు తగ్గించారు. మానవ తప్పిదమనే మాటను జడ్జి ఒప్పుకోలేదు. లోపం పని చేసిన మనుషులది కాదు, వాళ్ళకు సరైన పద్ధతి పెట్టకపోవడానిదే అన్నారు. ఈ జరిమానా ప్రభుత్వానికి పోతుంది. దెబ్బలు తిన్నవాళ్ళకు రావలసిన పరిహారం వేరే లెక్క. ఈ రెండూ కలిపేసుకోకండి.

స్మైలర్ ప్రమాదం జరిగిన మరుసటి ఏడు ఆస్ట్రేలియాలో ఇంకా ఘోరం జరిగింది. గోల్డ్ కోస్ట్‌లోని డ్రీమ్‌వరల్డ్ పార్కులో 2016 అక్టోబర్ 25న, నీళ్ళ మీద తెప్పలు తేలే రైడ్‌లో పంపు ఆగింది. నీటిమట్టం పడిపోయి ఒక తెప్ప ఇరుక్కుంటే, వెనకదాన్ని కన్వేయర్ తెచ్చి గుద్దించింది. నలుగురు చనిపోయారు. ఆ పంపు అదే రోజు అంతకు ముందు రెండుసార్లు ఆగిందట. దిగే చోట నిలబడ్డ అమ్మాయికి ఆ రైడ్ దగ్గర అదే మొదటి రోజు. ఆమె పక్కనే రెండు సెకన్లలో కన్వేయర్‌ను ఆపే బటన్ ఉంది. కానీ అది దేనికో ఆమెకు సరిగా చెప్పలేదు. దాని గురించి పట్టించుకోవద్దన్నారని ఆమె విచారణలో చెప్పింది. అలాంటప్పుడు ఆమె బటన్ నొక్కకపోవడం ఎవరి తప్పవుతుంది? 2020లో పార్కు నడిపిన కంపెనీకి 36 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది.

నేను ముప్పై ఏళ్ళు ఒక మిల్లులో మెషిన్ల మధ్య తిరిగినవాణ్ణి. మా దగ్గర ఒకతని వేళ్ళు బెల్టులో పడ్డాయి. 'అజాగ్రత్త' అని రిజిస్టర్‌లో రాశారు. శుభ్రం చేయడం ఆలస్యమవుతోందని, బెల్టు మీద ఉండాల్సిన జాలీని నెల కిందే తీసేసిన సంగతి మాత్రం రాయలేదు. ఆ రిజిస్టర్‌లో సాక్షిగా నా సంతకం కూడా ఉంది, ఇప్పటికీ అది గుర్తొస్తుంది.

ఇక మన దేశం సంగతి. 2019 జూలై 14న అహ్మదాబాద్‌లోని కాంకరియా దగ్గర ఊగే రైడ్ ఒకటి గాల్లోనే విరిగి, ఇద్దరు చనిపోయారు. పోలీసులు ఆపరేటర్‌తోపాటు నిర్వాహకులనూ పట్టుకున్నారు. ఇప్పుడైతే నిర్లక్ష్యంతో ఒకరి చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు. మెషిన్ల విషయంలో నిర్లక్ష్యానికి వేరే సెక్షన్ ఉంది. పరిహారం మాటకొస్తే, పనిలో ఉండగా పనివాడు చేసిన తప్పుకు యజమానే జవాబుదారు. టికెట్ డబ్బు తీసుకున్నారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కూ వెళ్ళొచ్చు.

అలాగని ఆపరేటర్ ఎప్పుడూ అమాయకుడే అని కాదర్రా. సీటు ముందు అడ్డంగా వేసే బార్ పడిందో లేదో చూడకుండా ఫోన్ చూసుకుంటూ రైడ్ వదిలితే, తాగి డ్యూటీకి వస్తే, అది అతని తప్పే, అతనే జవాబు చెప్పుకోవాలి. బార్ ఎత్తి లేచి నిలబడినవాడికి పరిహారంలో కోత పడుతుంది. చిన్నూ, నీ మాటే! పైన ఉన్నప్పుడు నిలబడబోయావు, నేను చూశాను. అయితే నీ వయసు పిల్లవాడి విషయంలో కోర్టు పెద్దవాళ్ళతో సమానంగా లెక్కపెట్టదు, ఆ ఏడేళ్ళ బుర్రకు ఎంత తెలుస్తుందో అది కూడా చూస్తుంది.

బుజ్జీ, ఇంక నీ ప్రశ్న. మర్నాడు సాయంత్రం ఒక్కణ్ణే మళ్ళీ అక్కడికి వెళ్ళాను. ఆ కుర్రాడు చెప్పాడు, ఆ రోజు టికెట్లు చించడం, బార్లు వేయడం, మోటారు చూడటం అన్నీ తనొక్కడేనట. రెండో మనిషి రావాలి, రాలేదు. మోటారు వేడెక్కి ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అతనికి తెలియదు. మనందరం ఆరోగ్యంగా దిగాం కాబట్టి కేసూ లేదు, ఏమీ లేదు. ఏదైనా జరిగి ఉంటే పోలీసులు ముందు అతన్నే తీసుకెళ్ళేవాళ్ళు. నేనైతే రెండో మనిషి ఎందుకు రాలేదని అడుగుతాను.

మీ నాన్నకు ఈ ఉత్తరం చూపించండి. ఏమన్నాడో నాకు రాయండి.

చిన్నూ పైనుంచి జారవిడిచిన చెప్పు బజ్జీల బండి కింద దొరికింది. నూనె మరక పోలేదు. అలాగే పార్సిల్‌లో పంపుతున్నాను.

మీ తాతయ్య