జాకెట్టు మెడ: కొత్తగా కుట్టేవాళ్ళ అపోహలు, అసలు సంగతులు

నెల్లూరులో మా ఇంటి ముందుగదే నా కుట్టు కొట్టు. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు చేతులు, చంకలు ఎట్టాగో గట్టెక్కిస్తారు. మెడ దగ్గరకొచ్చేసరికి "అక్కా, ఇది మీరే కానీండి" అని మిషన్ మీద నుంచి లేస్తారు. వాళ్ళ నోట రోజూ వినే మాటలే ఇవి.

అపోహ: మెడ లోతు 7 అంగుళాలంటే 7 దగ్గరే కత్తిరించాలి.

వాస్తవం: మెడ అంచుకి కుట్టే సన్నటి గుడ్డముక్క, అదే పట్టీ, ఎట్టా వేస్తారనే దాన్ని బట్టి ఉంటుంది. పట్టీని లోపలికి తిప్పేస్తే పావంగుళం కుట్టులోకి పోతుంది. మెడ అంత కిందికి దిగుతుంది, రెండు పక్కలా పావు పావు విచ్చుకుంటుంది కూడా. 7 కావాలంటే ఆరుముప్పావు దగ్గరే కత్తెర ఆపాలి. గుడ్డ అంచుని పైపింగ్‌తో, అంటే బయటికి కనపడే సన్న పట్టీతో, చుట్టేసేటట్టయితే 7కి 7 కత్తిరించుకోవచ్చు.

నేను నేర్చుకున్న చోట ఈ తేడా ఎవరూ చెప్పలా. మా పిన్నమ్మ వెంకటగిరి చీర మీదికని చిన్నబజారులో టూ బై టూ గుడ్డ తెచ్చిస్తే జాకెట్టు కుట్టాను. రెండు భుజాలూ జారాయి. పెళ్ళిలో ఆ పూటంతా పైట మెడచుట్టూ కప్పుకుని కూర్చుంది. నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

అపోహ: పట్టీకి మిగిలిన ముక్క ఏదైనా పర్లేదు.

వాస్తవం: చేతిరుమాలు తీసుకుని అంచు వెంబడి లాగండి, పెద్దగా సాగదు. ఇప్పుడు ఈ మూల నుంచి ఆ మూలకి లాగండి. సాగిందా? అందుకే పట్టీ ఐమూలగా, అంటే 45 డిగ్రీల వాలులో తీయాలి. దాన్నే మేం క్రాస్ పట్టీ అంటాం. అంగుళంపావు వెడల్పు చాలు. నిలువు గుడ్డ పట్టీ గుండ్రటి మెడకి తిరగదు, ముడతలు పడుతుంది. ముక్కలు అతకాల్సొస్తే అతుకు కూడా ఏటవాలుగానే వేయండి, లావంతా ఒకచోట చేరదు.

ఇక్కడే ఇంకో సంగతి. మెడ వంపులోనూ కొంతభాగం ఐమూలే. కత్తిరించిన ముక్కని గాల్లో దులిపినా, కొక్కేనికి తగిలించినా అది సాగిపోతుంది, తర్వాత ఎంత బాగా కుట్టినా సోలుతుంది. కత్తిరించిన వెంటనే మార్జిన్ లోపల, అంటే కుట్టులోకి పోయే అంచులో, ఒక సాదా కుట్టు వేసి పెట్టుకోండి.

అపోహ: మెడ జారకూడదంటే పట్టీ బాగా లాగి కుట్టాలి.

వాస్తవం: ఇది సగమే నిజం. బయటికి కనపడే పైపింగ్‌ని వంపు దగ్గర తెలిసీ తెలియనంత లాగితే అంచు ఒంటికి అతుక్కున్నట్టు కూర్చుంటుంది. లోపలికి తిప్పే పట్టీని మాత్రం లాగొద్దు. తిప్పాక దాని అవతలి అంచు ఇంకా పెద్ద గుండ్రానికి చాలాలి. లాగి కుట్టారో, చాలక మెడంతా గుంజేస్తుంది.

అపోహ: గాట్లు పెడితే గుడ్డ చిరుగుతుంది.

వాస్తవం: గాట్లు పెట్టకపోతేనే మెడ తిరగదు. కత్తెర మొనతో మార్జిన్‌లో, కుట్టుకి ఒకటి రెండు పోగులు మిగిలేటట్టు, అర అంగుళానికొకటి పెట్టండి. వి మెడకి మొన దాకా వెళ్ళాల్సిందే. పోగులు ఊడే పట్టుగుడ్డయితే ముందు ఆ మొన దగ్గర సన్నకుట్టుతో ఇంకో వరస వేసుకోండి. గాట్లయ్యాక మార్జిన్‌ని పట్టీ వైపుకి వాల్చి, పట్టీ అంచు మీదే ఒక కుట్టు వేయండి. పై నుంచి కనపడదు, పట్టీ బయటికి తొంగిచూడదు. తొందరలో అందరూ ఎగ్గొట్టేది ఈ కుట్టే.

అపోహ: ఖరీదైన మిషన్ ఉంటే మెడ నున్నగా వస్తుంది.

వాస్తవం: నాది పాత తొక్కుడు మిషనే.

అపోహ: ఇస్త్రీ అంతా అయ్యాక చేస్తే చాలు.

వాస్తవం: తిప్పిన వెంటనే ఒకసారి, పట్టీ లోపలి అంచుకి హెమ్మింగ్, అంటే చేతికుట్టు, అయ్యాక ఇంకోసారి చేయాలి. పెట్టెని మెడ మీద తోయకుండా పెట్టి ఎత్తండి, తోస్తే మళ్ళీ సాగుతుంది. నూలు గుడ్డనీ, పైపింగ్‌లో పెట్టే తాడునీ కత్తిరించకముందే తడిపి ఆరబెట్టుకోండి. లేదంటే మొదటి ఉతుకులోనే తాడు కుంచించుకుని మెడ ముడుచుకుంటుంది.

మా పిన్నమ్మ ఇప్పటికీ జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. మెడకి మాత్రం టేపు పెట్టి కొలిచాకే సంచీలో వేసుకుంటుంది.