డబ్బాలో కఫమా, ఉమ్మా?

తిరుపతి పెద్దాసుపత్రుల్లో పొద్దున్నే ల్యాబ్ కిటికీ దగ్గర, చిన్న ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని రోగుల తాలూకు వాళ్లు నిలబడి ఉంటారు. డబ్బాను వెలుతురుకు ఎత్తి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. నీళ్లలా, నురగ నురగగా ఉంటే ఉమ్మి. చిక్కగా డబ్బా గోడకు అంటుకుంటే కఫం. అనుమానముంటే మైక్రోస్కోపు ఉంది: బుగ్గ లోపలి పొర కణాలే ఎక్కువగా కనిపిస్తే అది నోట్లోది. దాని మీద ఎంత ఖరీదైన టెస్టు చేసినా నోటి కబుర్లే వస్తాయి.

ఆ కబుర్లతోనే ఇళ్లలో టెన్షన్ మొదలు. చిత్తూరు నుంచి బంధువొకడు ఫోన్ చేశాడు: "అన్నా, నాయనకి ఫంగస్ వచ్చిందంట, బ్లాక్ ఫంగసేనా?" రిపోర్టులో ఉన్నది కాండిడా. చాలామంది నోళ్లలో మామూలుగానే కాపురముండే ఈస్ట్ అది. యాంటీబయాటిక్స్ వాడేవాళ్లలో ఇంకాస్త పెరుగుతుంది. న్యుమోనియాకు అది కారణం కావడం చాలా అరుదు.

ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్‌ను మాత్రం అంత తేలిగ్గా తీసెయ్యలేం. తడి ఆరకుండా మూట కట్టిన శెనక్కాయలకు పట్టే పచ్చబూజు ఈ కుటుంబానిదే. ఇలాంటి బూజుల బీజాలను రోజూ పీలుస్తూనే ఉంటాం, ఊపిరితిత్తుల్లోని కాపలా కణాలు వాటిని మింగేస్తుంటాయి. రక్త క్యాన్సర్, రోజుల తరబడి స్టెరాయిడ్లు, ఐసీయూ దాకా తెచ్చిన ఫ్లూ ఆ కాపలాను దెబ్బతీస్తాయి. అందుకే కఫంలో ఆస్పర్జిల్లస్ దొరికితే డాక్టరు ముందు అది ఎవరి కఫమో చూస్తారు. తర్వాత సీటీ స్కాన్. అవసరమైతే ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం దించి, సెలైన్ పోసి వెనక్కి లాగి, ఆ నీటిలో గెలాక్టోమానన్ అనే పదార్థం కోసం వెతుకుతారు. ఆస్పర్జిల్లస్ పెరిగేటప్పుడు వదిలేది అదే.

నాకు ఎప్పటికీ ముచ్చటేసే పరీక్ష మాత్రం అన్నిటికన్నా చవకైనది. స్లైడు మీద కొంచెం నమూనా, దాని మీద ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్. కాసేపటికి చీము, కణాలు కరిగి తేటబడతాయి. ఫంగస్ గోడలు గట్టివి, కరగవు. సన్నటి పోగులు, మధ్యమధ్యలో అడ్డుగోడలు, 45 డిగ్రీల దగ్గర చీలే కొమ్మలు కనిపిస్తే ఆస్పర్జిల్లస్ అనుకోవచ్చు. వెడల్పుగా, రిబ్బను ముక్కల్లా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, 90 డిగ్రీల దగ్గర చీలుతుంటే మ్యూకర్: 2021లో బ్లాక్ ఫంగస్ పేరుతో ఊళ్లన్నిటినీ వణికించింది ఇదే. ఈ తేడా పట్టుకోవడం మీద ప్రాణం ఆధారపడుతుంది. ఆస్పర్జిల్లస్‌కు ఎక్కువగా ఇచ్చే వోరికొనజోల్ అనే మందు మ్యూకర్ మీద పనిచెయ్యదు, దానికి ఆంఫోటెరిసిన్ కావాలి. గెలాక్టోమానన్ టెస్టు కూడా మ్యూకర్‌ను పట్టుకోలేదు.

వైరస్ ఈ మైక్రోస్కోపుకు చిక్కదు. ముక్కులోంచి తీసిన స్వాబ్‌ను ఐస్ ప్యాకుల మధ్య పంపితే, ఆర్‌టీపీసీఆర్ దాని జన్యు పదార్థాన్ని లక్షల రెట్లు పెంచి చూపిస్తుంది. అక్కడా రెండు చిక్కులున్నాయి. జలుబు తగ్గిన వారాల తర్వాత కూడా రైనోవైరస్ పాజిటివ్ రావచ్చు. ఛాతీలోకి దిగిపోయిన వైరస్ ముక్కు స్వాబ్‌లో దొరక్కపోనూవచ్చు.

మ్యూకర్ అనుమానంతో తీసిన కండ ముక్కను కల్చర్‌కు, అంటే ప్లేటులో ఫంగస్‌ను పెంచి చూడటానికి, వేసేముందు రోట్లో దంచినట్టు నూరకూడదు. అడ్డుగోడల్లేని పోగులు కదా, ఒకచోట తెగితే లోపలిదంతా కారిపోయి చచ్చిపోతాయి. తెలియక నూరేస్తే, స్లైడు మీద కనిపించిన ఫంగస్ కల్చర్ ప్లేటులో మొలవదు.