యాంటీబయాటిక్స్‌కు లొంగని జబ్బులతో పోరులో జనం పాత్ర ఎంత? విశాఖ తీరం నుంచి ఒక నేపథ్యం

"మందులు ఇష్టం వచ్చినట్టు వాడకండి" అని జనానికి చెప్పడం కొత్తేమీ కాదు. 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలోనే పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఈ భయం బయటపెట్టాడు. పెన్సిలిన్ షాపుల్లో ఎవరికైనా దొరికే రోజు వస్తే, తెలియనివాళ్లు చాలీచాలని డోసు వేసుకుని సూక్ష్మజీవుల్ని మందుకు రాటుదేల్చేస్తారని హెచ్చరించాడు. హెచ్చరిక నిజమైంది. దాంతోపాటు తప్పంతా 'తెలియని మనిషి'దే అన్న ఆలోచన కూడా పాతుకుపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రచారాల్లో చాలా వాటికి అదే పునాది.

మన దేశానికి దెబ్బ తొందరగానే తగిలింది. 1972లో కేరళలోని కోజికోడ్‌లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. మన దగ్గర అప్పటికీ ఇప్పటికీ జ్వరమొస్తే ముందు కనిపించేది వీధి చివర ఆర్‌ఎంపీ, లేదంటే మందుల షాపు. విశాఖలో ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ 1923 నుంచి ఉంది. అయినా గాజువాకలో షిఫ్టు డ్యూటీ చేసే మనిషి ఓపీ లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. అందుకే చీటీ లేకుండా నాలుగు మాత్రలు కొనుక్కుంటాడు. దీన్ని అజ్ఞానం అనడం తేలిక. నాకైతే అది లెక్క తెలిసి చేసే పనే అనిపిస్తుంది.

ప్రభుత్వం రూల్స్ మీద ఆధారపడింది. 2014 మార్చి నుంచి మందుల అమ్మకం నిబంధనల్లో షెడ్యూల్ హెచ్1 అనే జాబితా అమల్లోకి వచ్చింది. కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మితే షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని చెప్పే స్ట్రిప్పు మీది ఎర్రగీత గురించి 2016లో ప్రచారం మొదలైంది. స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే ఆ గీత ఏ ముక్కతో వెళ్తుందో మరి! 2017లో మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2018లో కేరళ సొంత ప్రణాళిక తెచ్చుకుంది, తర్వాత ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాట పట్టింది. అన్నిటిలోనూ 'అవగాహన' ఒక అధ్యాయం. అవగాహన అంటే ఎక్కువగా పోస్టర్లు, నవంబరులో ఒక వారం ర్యాలీలు.

జనం నిజంగా కలిసి పనిచేసిన కథ ఒకటి మన తీరంలోనే ఉంది. ఆసుపత్రిలో కాదు, రొయ్యల చెరువుల దగ్గర. 1990ల మధ్యలో వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు కోస్తా చెరువుల్ని ఊడ్చేసింది. అది వైరస్, యాంటీబయాటిక్‌తో తగ్గదు. అయినా కళ్ల ముందు పంట పోతుంటే రైతు చేతికందిన మందల్లా పోశాడు, జలుబుకి మనం మాత్ర మింగినట్టే. 2002 ప్రాంతంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్స్ అవశేషాలు ఉన్నాయంటూ యూరప్ మన సరుకును తిప్పికొట్టింది. విశాఖ రేవు నుంచి కంటైనర్లు పంపే వ్యాపారి టెన్షన్ నేరుగా చెరువు గట్టుకి చేరింది.

అప్పుడు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా పశ్చిమ గోదావరిలోని మొగల్తూరులో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఒకే కాలువ నీళ్లు వాడుకునే రైతులు ఒక బృందంగా ఏర్పడ్డారు. పరీక్ష చేసిన సీడునే (రొయ్య పిల్లల్నే) కలిసి కొన్నారు, ఒకేసారి వదిలారు. ఒక చెరువుకి జబ్బొస్తే మిగతావాళ్లకి చెప్పాలి, ఆ నీళ్లు కాలువలోకి తోడకూడదు. జబ్బే తగ్గితే మందు అవసరమూ తగ్గుతుంది. ఈ పద్ధతిని విస్తరించడానికే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా అనే సంస్థ పుట్టింది. సమస్య పూర్తిగా పోలేదు. 2016లో యూరప్ మన సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అయినా తేడా గమనించాలి: అక్కడ రైతుకి పరీక్ష అందుబాటులోకి వచ్చింది, ధరలో ఫలితం కనబడింది, పక్కవాడితో ఒప్పందం కుదిరింది. జ్వరమొచ్చిన కూలీకి వీటిలో ఒక్కటీ ఇవ్వలేదు.

సంఘటితం కావడం మనవాళ్లకి తెలియదనడానికి లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చదువు పాఠాల నుంచే సారా మీద తిరగబడ్డారు, మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. డ్వాక్రా సంఘాలు వాడవాడలా ఉన్నాయి, ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ప్రయత్నం మాత్రం సగంలోనే ఆగింది. వాళ్లని గుర్తించినట్టవుతుందని డాక్టర్ల సంఘాలకు అభ్యంతరం. అభ్యంతరంలో న్యాయం ఉంది, కానీ ఊళ్లో మొదటి మాత్ర ఇచ్చేది ఇప్పటికీ వాళ్లే.

ఇంకో కోణం మందుల కంపెనీల వ్యర్థ జలాలు. వాటిలో కలిసే యాంటీబయాటిక్స్‌తోనూ సూక్ష్మజీవులు రాటుదేలతాయి. విశాఖ పక్కనే పరవాడ ఉంది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ ఫార్మా సిటీ పక్కనే మత్స్యకార గ్రామాలున్నాయి, వ్యర్థ జలాల మీద వాళ్ల ఫిర్యాదులు పాతవే. 2007లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను స్వీడన్ పరిశోధకులు కనుగొన్నారు. అది రోగి రక్తంలో ఉండే మోతాదును మించింది. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా నిబంధనల్లో మందుల కంపెనీల నీటిలో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెట్టింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు ఎగిరిపోయాయి.